నొప్పిని కనిపెట్టే మిషన్ వచ్చిందట, నిజమేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మావారికి 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీతో నడక వచ్చింది, చెయ్యి కూడా ముప్పాతిక వంతు బాగైంది. గండం గడిచిందనుకుంటుండగా మూడో నెలలో ఆ ఎడమ పక్కంతా మంట మొదలైంది. నిప్పుల మీద పెట్టినట్టు ఉందంటారు. దుప్పటి తగిలినా, ఫ్యాన్ గాలి తగిలినా ఓర్చుకోలేరు. చేతికి ఎక్స్‌రే తీశారు, నరాల పరీక్ష చేశారు, అన్నీ నార్మల్. ఒక డాక్టర్ గారు మాత్రలు రాస్తే, అవి డిప్రెషన్‌కి వాడేవని ఎవరో చెప్పారు. ‘నాకు పిచ్చి అనుకుంటున్నారా’ అని పది రోజులకే మానేశారు. ‘టీవీలో మ్యాచ్ చూస్తున్నంతసేపూ నాన్న బాగానే ఉంటాడు, మనల్ని చూడగానే మూలుగు మొదలుపెడతాడు’ అంటాడు మా అబ్బాయి. మొన్న రాత్రి ‘ఈ చెయ్యి తీసేయించండి, పీడా పోతుంది’ అని ఏడ్చారు. మెదడు లోపల వైర్లు పెట్టి నొప్పిని కనిపెట్టే మిషన్ అమెరికాలో వచ్చిందని చదివాను. దాంతో మావారి నొప్పి నిజమో కాదో తేలుతుందా? అది పెట్టిస్తే నొప్పి తగ్గుతుందా? నొప్పి మెదడులో ఉందంటే, అంతా మనసులోనే ఉన్నట్టా? (పేరు వేయవద్దని కోరారు)

జవాబు: అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నేను మాత్రం మీరు ప్రశ్నగా అడగని మాట దగ్గర మొదలుపెడతాను. ‘ఈ చెయ్యి తీసేయించండి’ అన్నారు మీవారు. ఇలాంటి నొప్పి ఉన్నవాళ్ల నోట ఈ మాట నేను చాలాసార్లు విన్నాను.

మీరు చదివిన ఆ ప్రయోగంలో పాల్గొన్నది మొత్తం నలుగురు. వాళ్లలో ముగ్గురికి మీవారికి ఉన్నదే, అంటే పక్షవాతం తర్వాత వచ్చిన నొప్పి. నాలుగో మనిషికి ఉన్నది తీసేసిన అవయవంలో నొప్పి. అవయవం లేదు, నొప్పి మాత్రం అక్కడే ఉంది. దీన్ని ఫాంటమ్ లింబ్ నొప్పి అంటారు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన సైలస్ వేర్ మిచెల్ అనే డాక్టర్ 1871లో ఆ పేరు పెట్టాడు. చెయ్యి తీసేస్తే నొప్పి పోదని మీవారికి నచ్చజెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. నొప్పి తయారవుతున్నది చేతిలో కాదు కాబట్టే ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు.

ఇంకొకటి. ఆ రాత్రి అన్న మాట వెనక ఇంకేమైనా ఉందేమో ఆయన్ని అడగండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆయన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇది అన్నిటికంటే ముందు.

ఇక ఆ మంట సంగతి. ఒంటి మీద నుంచి వచ్చే కబుర్లన్నీ, అంటే వేడి, చల్లదనం, స్పర్శ, దెబ్బ, వెన్నుపాము గుండా పైకి వెళ్లి మెదడు నడిమధ్యలో ఉండే థాలమస్ అనే చోట ఆగుతాయి. అక్కణ్ణుంచి మెదడులోని మిగతా భాగాలకు చేరతాయి. మీవారికి పక్షవాతం వచ్చినప్పుడు కుడివైపు మెదడులో రక్తం అందక కొంత భాగం దెబ్బతిని ఉంటుంది. ఆ దెబ్బ థాలమస్‌కో, దానికి వెళ్లే దారికో తగిలితే, పైకి చేరాల్సిన కబుర్లు సరిగ్గా చేరవు. కబురు అందని ఆ కణాలు నిశ్శబ్దంగా ఊరుకోవు. తమంతట తాము కరెంటు కొడుతూ ఉంటాయి. కింద చేతికి ఏమీ కాకపోయినా పైన ‘కాలుతోంది’ అన్న సంకేతం పుడుతుంది. ఇది సాధారణంగా పక్షవాతం వచ్చిన వెంటనే రాదు, కొన్ని వారాలకో నెలలకో మొదలవుతుంది. మీరు రాసిన మూడో నెల లెక్క సరిగ్గా సరిపోతోంది. పక్షవాతం వచ్చినవాళ్లలో నూటికి సుమారు 8 మందికి ఇలా జరుగుతుంది. దెజరిన్, రూసీ అనే ఇద్దరు ఫ్రెంచ్ డాక్టర్లు 1906లోనే దీన్ని వర్ణించారు. అప్పటికి స్కానింగులు లేవు. రోగులు చెప్పింది శ్రద్ధగా విని, వాళ్లు పోయాక మెదళ్లను పరీక్షించి, దెబ్బ ఎక్కడుందో కనిపెట్టారు.

నా గదిలోకి ఇలాంటి మనిషి వస్తే తలుపు దగ్గరే గుర్తుపట్టగలను. కుడిచేతి రెండు వేళ్లతో ఎడమ చొక్కా చేతిని పట్టుకుని, గుడ్డ ఒంటికి తగలకుండా ఎత్తి ఉంచుతారు. కూర్చున్నాక కూడా ఆ రెండు వేళ్లు వదలరు. పరీక్షకు నాకు పెద్ద సరంజామా అక్కర్లేదు, కాస్త దూది, ఒక ట్యూనింగ్ ఫోర్క్ (తడితే కంపించే రెండు కొమ్ముల లోహపు కడ్డీ) చాలు. దూదిని పోగులా సాగదీసి ముంజేతి మీద మెల్లగా రాస్తే చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటారు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అదే చోట చల్లటి ఇనుప ఫోర్క్ ఆనిస్తే ‘ఏదో తగిలింది, చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియట్లేదు’ అంటారు. చల్లదనం తెలియని చెయ్యి దూదికి మండుతుంది. మొదటిసారి వినేవాళ్లకు ఇది పొంతన లేని మాటలా అనిపిస్తుంది. ‘ఒకసారి తిమ్మిరి అంటాడు, ఒకసారి మంట అంటాడు’ అని ఇంట్లోవాళ్లు విసుక్కునేది ఇక్కడే. ఆ రెండూ ఒకే దెబ్బకు రెండు ముఖాలు. ఇందులో మీరు జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. ఆ చేతికి వేడి సరిగ్గా తెలియదు. స్నానం నీళ్లు ఎప్పుడూ కుడి చేత్తోనే చూసుకోమనండి. మంట తగ్గుతుందని వేడినీళ్ల సంచీ గానీ ఐసు గానీ ఆ పక్కన పెట్టవద్దు. కాలినా తెలియదు.

సరే, ఆ మిషన్ దగ్గరికి వద్దాం.

మెదడులోని కణాలు కరెంటుతోనే మాట్లాడుకుంటాయి. లక్షల కణాలు ఒక లయలో కలిసి పనిచేసినప్పుడు ఆ కరెంటు అలలుగా మారుతుంది. సెకనుకు నాలుగుకు మించని నిదానమైన అలలను డెల్టా అంటారు. ఇంకా వేగంగా ఉండేవి థీటా, ఆల్ఫా, బీటా, గామా. నెత్తి మీద చిన్న బిళ్లలు అంటించి ఈ అలలను మనిషిలో మొదటిసారి నమోదు చేసినవాడు హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టర్, 1924లో. దాన్నే మనం ఈఈజీ అంటున్నాం, ఫిట్స్ వచ్చినవాళ్లకు తీయడం మీరు చూసే ఉంటారు. కానీ పుర్రె ఎముక దాటి వచ్చేసరికి ఆ అలలు బలహీనపడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తలుపులు మూసిన హాలు బయట నిలబడితే లోపలి గోల వినిపిస్తుంది గానీ ఎవరేమంటున్నారో తెలియనట్టు. నొప్పికి సంబంధించిన ముఖ్యమైన భాగాలు లోతుగా ఉన్నందువల్ల బయటినుంచి వాటి మాట స్పష్టంగా అందదు.

అందుకే శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రసాద్ శిర్వాల్కర్ అనే డాక్టర్, ఆయన బృందం ఆ నలుగురికీ ఆపరేషన్ చేసి మెదడు లోపలే రెండు చోట్ల సన్నని వైర్లు అమర్చారు. ఒకటి కళ్ల గుంతలకు సరిగ్గా పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్. రెండోది మెదడు రెండు సగాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండే లోపలి గోడలో ముందు భాగం, యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్. ఛాతీ దగ్గర చర్మం కింద పేస్‌మేకర్ లాంటి పెట్టె పెట్టి దానికి ఆ వైర్లు కలిపారు. తర్వాత వాళ్లను ఇళ్లకు పంపేశారు. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే. ల్యాబులో సూదితో గుచ్చి చూసే నొప్పి వేరు, మన ఇంట్లో మన మంచం మీద పడే నొప్పి వేరు. వాళ్లు రోజుకు కొన్నిసార్లు, ఆ క్షణంలో నొప్పి ఎంతుందో, ఎలా ఉందో రాసి, చేతిలోని రిమోట్ నొక్కేవారు. పెట్టె 30 సెకన్ల పాటు మెదడులోని కరెంటును నమోదు చేసేది. ఇలా మూడు నుంచి ఆరు నెలలు చేశారు. ఆ రికార్డింగులను, వాళ్లు చెప్పిన నొప్పి అంకెలను పక్కపక్కన పెట్టి కంప్యూటర్‌కు నేర్పితే, కరెంటు చూసి నొప్పి ఎక్కువగా ఉందో తక్కువగా ఉందో అది చెప్పగలిగింది. ఈ ఫలితాలు 2023 మే నెలలో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చాయి. మనుషులు ఇంట్లో మామూలుగా బతుకుతుండగా, దీర్ఘకాలిక నొప్పిని మెదడు లోపలినుంచి ఇలా నెలల తరబడి చదవడం అదే మొదటిసారి.

అందులో తేలిన ఇంకో విషయం మీ మూడో ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. వేడి తగిలించి అప్పటికప్పుడు పుట్టించిన నొప్పికి సింగ్యులేట్ భాగం ఎక్కువగా స్పందించింది. ఆ మార్పు వచ్చి పోయేది. నెలల తరబడి వెంటాడే నొప్పికి మాత్రం కళ్ల పైన ఉన్న ఆర్బిటోఫ్రంటల్ భాగంలో నిలకడగా సాగే మార్పు కనిపించింది. అంటే వేలు కాలినప్పటి నొప్పి, ఏళ్ల తరబడి సాగే నొప్పి మెదడులో ఒకే దారిన నడవడం లేదు. చికాగోలో ఆప్కారియన్ అనే శాస్త్రవేత్త బృందం కూడా 2013లో ఇలాంటిదే చూపించింది. కొత్తగా నడుంనొప్పి వచ్చినవాళ్లను ఏడాది పాటు గమనిస్తే, నొప్పి తగ్గనివాళ్లలో అది మెల్లగా స్పర్శకు సంబంధించిన భాగాలనుంచి భావోద్వేగాలకు సంబంధించిన భాగాలకు మారింది.

మన భాషలో నొప్పి అనే మాట ఉంది, బాధ అనే మాట ఉంది. నొప్పి చేతికి, కాలికి, పంటికి ఉంటుంది. బాధ మనిషికి ఉంటుంది. ‘చెయ్యి నొప్పిగా ఉంది’ అంటాం, ‘చెయ్యి బాధపడుతోంది’ అనం. ఆర్బిటోఫ్రంటల్ భాగం చేసే పని ఏమిటంటే, ఎదురైన ప్రతిదానికీ ఇది మంచిదా చెడ్డదా, దీనికోసం ఎంత కష్టపడవచ్చు అని తూకం వేయడం. నెలల తరబడి నొప్పి పడ్డ మనిషిలో ఆ తూకం వేసే చోటే చిక్కులో పడుతుంది. నేను దీన్ని నొప్పి బాధగా మారడం అని అర్థం చేసుకుంటాను. పాతకాలంలో, ఏ మందుకూ లొంగని నొప్పి ఉన్నవాళ్లకు సింగ్యులేట్ భాగంలో చిన్న కోత పెట్టే ఆపరేషన్ చేసేవారు. తర్వాత వాళ్లలో కొందరు చెప్పిన మాట వైద్య పుస్తకాల్లో నిలిచిపోయింది. నొప్పి అలాగే ఉంది గానీ అది నన్ను బాధపెట్టడం లేదు అని.

కాబట్టి ‘అంతా మనసులోనే ఉన్నట్టా’ అన్న మీ ప్రశ్నకు నా జవాబు: మెదడులో ఉంది, మీవారి కల్పన కాదు. ఫిట్స్ కూడా మెదడులో పుట్టే కరెంటు వల్లే వస్తాయి. ఫిట్స్ వచ్చినవాణ్ణి ఎవరూ నటిస్తున్నాడనరు, ఎందుకంటే అవి కంటికి కనబడతాయి. మీవారి నొప్పి కనబడదు, తేడా అంతే. దిగులు, నిద్రలేమి, టెన్షన్ ఆ నొప్పిని పెంచుతాయా అంటే, పెంచుతాయి. అవన్నీ అదే తూకం వేసే చోటికి వచ్చి చేరతాయి మరి. పెంచడం వేరు, పుట్టించడం వేరు.

‘నిజమో కాదో తేలుతుందా’ అన్నది మీ మొదటి ప్రశ్న. అమ్మా, ఇది కాస్త నిదానంగా చదవండి, మీ అబ్బాయి చేత కూడా చదివించండి. ఆ కంప్యూటర్‌కు నొప్పి అంటే ఏమిటో మొదట ఎవరు చెప్పారు? ఆ నలుగురు మనుషులే. ‘ఇప్పుడు ఎనిమిది, ఇప్పుడు మూడు’ అని వాళ్లు చెప్పిన మాటను నిజమని నమ్మి, దాని ఆధారంగానే మిషన్ నేర్చుకుంది. ఒకరి కరెంటు తీరు ఇంకొకరితో పూర్తిగా కలవలేదు కూడా, అందువల్ల ఎవరికి వాళ్లకు విడిగా నేర్పాల్సి వచ్చింది. మనిషి మాటను కొలబద్దగా తీసుకుని తయారైన మిషన్‌తో ఆ మనిషి మాట నిజమా అబద్ధమా అని తేల్చాలనుకోవడం ఎలా కుదురుతుంది? 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం వేసిన నిపుణుల బృందం ఇదే విషయం మీద ఆలోచించి, మెదడు స్కానింగులు చూపించి ఒకరి నొప్పి అబద్ధమని తీర్పు చెప్పకూడదని తేల్చింది. 2020లో అదే సంఘం నొప్పికి కొత్త నిర్వచనం రాస్తూ, మనిషి తనకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. కోట్లు పెట్టి తయారుచేసిన మిషన్ మొదట చేసిన పని ఆ నలుగురినీ నమ్మడం. మీవారిని నమ్మడానికి మీకు మిషన్ దాకా పోవాల్సిన పని లేదు.

మ్యాచ్ చూస్తున్నప్పుడు ఎందుకు బాగుంటారని మీ అబ్బాయి అడుగుతున్నాడు. అది నిజమైన ప్రశ్నే, కసిరేయకండి. మెదడు అడుగున, కాండం లాంటి భాగంలో నొప్పిని తగ్గించే ఏర్పాటు ఒకటుంది. ధ్యాస గట్టిగా వేరేచోట పడితే అక్కణ్ణుంచి వెన్నుపాముకు ‘కాస్త తలుపు మూయి’ అని ఆజ్ఞ వెళ్తుంది. అందులో మన ఒంట్లోనే తయారయ్యే మార్ఫిన్ లాంటి పదార్థాల పాత్ర ఉంది. 1978లో పన్ను పీకించుకున్నవాళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. ఉత్తుత్తి మందుతో నొప్పి తగ్గినవాళ్లకు మార్ఫిన్‌ను అడ్డుకునే మందు ఇస్తే నొప్పి మళ్లీ పెరిగింది. అంటే ఆ ఉపశమనం ఊహ కాదు, ఒంట్లో జరిగిన రసాయన మార్పు. మీవారు మ్యాచ్ చూస్తున్నంతసేపూ ఆ ఏర్పాటు పనిచేస్తోంది. మ్యాచ్ అయిపోగానే ధ్యాస మళ్లీ చేతి మీదికి వస్తుంది. అప్పుడే మీరు గదిలోకి వస్తారు, మూలుగు వినిపిస్తుంది. మీ అబ్బాయికి తండ్రి నటనగా కనబడుతున్నది నిజానికి ఒక మందు. ఆ మందు రోజుకు ఎన్ని గంటలు దొరికితే అంత మంచిది. మ్యాచ్, పాట, మనవలతో ఆట, పాత స్నేహితులతో ఫోను, ఏదైనా సరే. ‘అప్పుడు బాగానే ఉన్నావుగా’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనవద్దు. అలా అంటే ఆయన సరదాగా ఉండడానికే భయపడతారు. నవ్వితే నొప్పి లేదనుకుంటారేమోనని నవ్వు ఆపుకునేవాళ్లను నేను చూశాను.

రెండో ప్రశ్న, ఆ వైర్లు మీవారికి పెట్టించవచ్చా అన్నది. ఇప్పుడైతే వద్దంటాను. ఎందుకో చెబుతాను.

మెదడులో వైర్లు పెట్టి కరెంటు ఇవ్వడాన్ని డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటారు. వణుకు తగ్గించడానికి 1997లో, పార్కిన్సన్స్ జబ్బులోని మిగతా లక్షణాలకు 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఆమోదించింది. ఆ జబ్బుల్లో ఇది ఎంతోమందికి మేలు చేస్తోంది. నొప్పికి వాడిచూడడం అంతకంటే పాతది, 1970ల నుంచే జోరుగా చేశారు. కొందరికి అద్భుతంగా తగ్గింది, కొందరికి ఏమీ కాలేదు. తగ్గినవాళ్లలోనూ చాలామందికి కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ మొదలైంది. తర్వాత చేసిన రెండు పెద్ద ప్రయోగాలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అందువల్ల నొప్పికి దీన్ని వాడడానికి అక్కడ ఇప్పటికీ ఆమోదం లేదు. శిర్వాల్కర్ బృందం చేస్తున్న పని వెనక ఉన్న ఆలోచన ఇదే: ఇన్నాళ్లూ కరెంటు ఒకే తీరున రాత్రింబవళ్లు ఇచ్చేవాళ్లు, మెదడు దానికి అలవాటుపడిపోయేది. నొప్పి పెరుగుతున్నప్పటి అలను ముందే గుర్తుపట్టి, అవసరమైనప్పుడే, అవసరమైనంతే ఇస్తే? గుండెకు పెట్టే పేస్‌మేకర్ గుండె కొట్టుకునే తీరు చూసి పనిచేసినట్టు. మంచి ఆలోచన, నాకు దాని మీద నిజంగా ఆశ ఉంది. కానీ మొదటి అడుగు నలుగురి మీద పడింది, ఆ నలుగురిలో చూసింది ప్రధానంగా నొప్పిని చదవడం. చదవడం వేరు, నయం చేయడం వేరు. ఆ దారి ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది.

పైగా ఇది పుర్రెకు రంధ్రం వేసి చేసే ఆపరేషన్. మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు, దాన్ని ముట్టుకున్నా కోసినా నొప్పి పుట్టదు. ఒంటికంతా నొప్పి చూపించే అవయవానికి తన నొప్పి తెలియకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. రోగి మెలకువగా ఉండగానే ఇలాంటి ఆపరేషన్లు చేయగలిగేది అందువల్లే. కానీ నొప్పి లేనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ఫిట్స్ రావచ్చు. మీవారికి పక్షవాతం మళ్లీ రాకుండా రక్తం పలుచన చేసే మాత్రలు నడుస్తూ ఉండే ఉంటాయి. ఆపరేషన్‌కు వాటిని ఆపితే ఒక ప్రమాదం, ఆపకపోతే ఇంకో ప్రమాదం. ఎవరైనా ‘నొప్పికి గ్యారంటీగా మెదడులో చిప్ పెడతాం’ అంటే, ఇది అనుమతి ఉన్న పరిశోధనా, దీన్ని ఏ ఎథిక్స్ కమిటీ ఆమోదించింది, ఖర్చు ఎవరిది అని అడగండి. నిజమైన పరిశోధనలో గ్యారంటీ అన్న మాట ఎవరూ వాడరు.

ఆపరేషన్ లేకుండా ఇదే దారిలో ఉన్న వైద్యం ఒకటుంది, దాని గురించి మీ న్యూరాలజిస్టును తప్పకుండా అడగండి. టీఎంఎస్ అంటారు. తల మీద ఒక కాయిల్ పెట్టి అయస్కాంత శక్తితో మెదడులో కొద్దిపాటి కరెంటు పుట్టిస్తారు. మీవారికైతే కుడివైపు, చెయ్యి కదలికను నడిపే చోట ఇస్తారు. అందరికీ పనిచేయదు, పనిచేసినవాళ్లకు కూడా మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. కోత లేదు, మత్తు లేదు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చి ఉన్నా, తలలో లోహపు క్లిప్పులు ఉన్నా ముందే చెప్పాలి.

దానికంటే ముందు ఆ మాత్రలు. మీరు పేరు రాయలేదు, అమిట్రిప్టిలినో డ్యులాక్సెటినో అయి ఉంటుందని నా ఊహ. ఇవి డిప్రెషన్‌కి వాడతారన్నది నిజమే. కానీ నేను ఇందాక చెప్పిన, వెన్నుపాము దగ్గర తలుపు మూసే ఏర్పాటు నడిచేది కూడా ఇవి పెంచే రసాయనాలతోనే. అందుకే దిగులు లేని మనిషికి కూడా నరాల నొప్పికి ఇవి ఇస్తాం. డిప్రెషన్‌కి అమిట్రిప్టిలిన్ 75 మిల్లీగ్రాములు, ఆ పైన వాడితే, నొప్పికి రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. 1989లో స్వీడన్‌లో సరిగ్గా మీవారి లాంటి నొప్పి ఉన్న 15 మంది మీద దీన్ని పరీక్షించారు. ఈ మందుతో 10 మందికి నొప్పి తగ్గింది, ఉత్తుత్తి మాత్రతో ఒక్కరికే తగ్గింది. చిన్న ప్రయోగమే, కానీ ఇప్పటికీ ఈ జబ్బులో మేం మొదట తలుచుకునే మందుల్లో ఇదొకటి. పది రోజుల్లో దీని ఫలితం తెలియదు. మోతాదు పెంచుకుంటూ పోయి నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. మొదటి వారంలో నోరు ఎండిపోవడం, మత్తుగా ఉండడం మాత్రం వెంటనే వస్తాయి. అంటే కష్టం ముందు కనబడుతుంది, మేలు తర్వాత. చాలామంది సరిగ్గా ఆ మధ్యలో మానేస్తారు. గుండె లయలో తేడా, నీటికాసులు అనే కంటి జబ్బు, మూత్రం ఆగి ఆగి రావడం లాంటివి ఉంటే అమిట్రిప్టిలిన్ సరిపడకపోవచ్చు. అవి ఉంటే డాక్టర్‌కు చెప్పండి, డ్యులాక్సెటిన్, ప్రిగాబలిన్, లామోట్రిజిన్ లాంటి వేరే దారులున్నాయి. పాత చీటీతో మీరే తెచ్చి మొదలుపెట్టకండి. మామూలు నొప్పి మాత్రలు ఈ నొప్పికి పనిచేయవు, వాటిని నెలల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు పాడవుతాయి.

భుజం కూడా ఒకసారి చూపించండి. పక్షవాతం వచ్చిన చేతి బరువుకు భుజం కీలు కిందికి జారి విడిగా నొప్పి పుడుతుంది. దానికి వైద్యం వేరు, చాలాసార్లు సులువు కూడా. చెయ్యి వాచి, ఎర్రబడి, చర్మం మెరుస్తున్నట్టు ఉంటే అది ఇంకొకటి, వెంటనే చూపించాలి.

ఇప్పుడు ఇంట్లో మీరు చేయగలిగిన పని. ఆ నలుగురు రిమోట్ నొక్కే ముందు చేసిన పని మీవారు కూడా చేయవచ్చు, దానికి వైర్లు అక్కర్లేదు. ఒక చిన్న నోట్‌బుక్ మంచం పక్కన పెట్టండి. పొద్దున లేవగానే, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు, మూడుసార్లు. సున్నా నుంచి పది దాకా ఒక అంకె. దాని పక్కన ఒక్క మాట. మంటా, పోటా, సలుపా, తిమ్మిరా, సూదులా, గుంజుతోందా, పీకుతోందా. ఇన్ని మాటలున్నా ఆస్పత్రికి వెళ్లేసరికి మనం ‘నొప్పండీ’ అని ఊరుకుంటాం. మంట, కరెంటు షాకు, సూదులు అంటే నరాల దారి దెబ్బతిన్నదని మాకు అనుమానం వస్తుంది. సలుపు, పోటు అంటే కీలు వైపో వాపు వైపో చూస్తాం. రాసిన ఆ ఒక్క మాటతో మందు మారిపోతుంది. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా రాయండి. రెండు వారాల పేజీలు చూస్తే నిద్ర చెడిన మర్నాడు అంకె ఎలా పెరుగుతుందో మీకే కనబడుతుంది.

రాసే పని మీ అబ్బాయికి అప్పగించండి. వెళ్లి తండ్రి పక్కన కూర్చుని ‘ఇప్పుడెంత నాన్నా’ అని అడిగి, ఆయన చెప్పిన అంకె అలాగే రాయాలి. ‘అంతేనా’, ‘అంత ఉందా’ అనకూడదు. కూర్చునేటప్పుడు కుడివైపు కూర్చోమనండి, ఎడమ పక్కన దుప్పటి కదలకుండా ఉంటుంది. ఆరు వారాలయ్యాక ఆ నోట్‌బుక్‌తో, పక్షవాతం వచ్చినప్పటి మెదడు స్కాన్ రిపోర్టుతో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ రిపోర్టులో థాలమస్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూసి నాకు మళ్లీ రాయండి.